మా ఇంటిపేరున్న మంత్రి

భవానీపూర్ బస్సులో ఎవరో నా పక్కన గోనెసంచి పెట్టారు. ఒకప్పుడు బడ్జ్ బడ్జ్ జనపనార మిల్లులో పనిచేసొచ్చే నాన్న చొక్కా వాసన గుప్పుమంది.

నా చిన్నప్పుడు విదేశీ సరుకుకు తలుపులు తెరిచిన మంత్రిది మా ఇంటిపేరే. పత్రికలు ఆ పేరుకు ఎకనామిక్స్‌లోని ‘నామిక్స్’ తగిలించి ఆయన విధానాన్ని పిలిచేవి. “ఇంటిపేరొకటైతే మనోడే,” అని నాన్న మురిసిపోయేవాడు. నేను బడిలో ఆయన్ని ఏకంగా పెదనాన్నని చేసేశాను.

బయటినుంచి చవక సంచులొచ్చి మిల్లు మూతపడింది.

“పెదనానకి సెప్పు నానా,” అన్నాను.

“ఏటి సెప్పీది? మనమెవులమో ఆయనకి తెల్దమ్మా.”

మర్నాడు మిల్లు గేటు దగ్గర అందరితో కలిసి మా ఇంటిపేరుకే ముర్దాబాద్ అని అరిచాడు నాన్న.

పెళ్ళయి నా ఇంటిపేరు మారినప్పుడు అమ్మ ఏడ్చింది. నాకు మాత్రం పీడ వదిలిందనిపించింది.