ఎతెలా పెద్దమ్మ తాగని కాఫీ

ఎతెలా పెద్దమ్మ వస్తోందని తెలిస్తే మా అమ్మ ముందు కప్పు కడిగేది. దాని మీద ఎర్ర గులాబీలు, అంచుకు సన్నటి బంగారు గీత. ఇంట్లో మేమెవరం దాన్ని ముట్టుకోకూడదు. సంతలో కొన్ననాటి నుంచీ అది పెద్దమ్మ కప్పే. అమ్మ అందులో కాఫీ పొడి వేసి, మరిగే నీళ్ళు పోసి, పొడి అడుక్కి దిగేదాకా ఆగి, పంచదార డబ్బాతో పాటు బల్ల మీద ఆమె ముందుకు జరిపేది.

పెద్దమ్మ ఎప్పుడూ ఒకటే మాట అనేది. "ఇప్పుడే తాగొచ్చాను అరాంకా. పొట్టలో చోటు లేదు."

ఆ తర్వాత సంచీలోంచి తన నీళ్ళసీసా తీసి పక్కన పెట్టుకునేది. పిల్లల టీకాల గురించి, బడి బస్సు గురించి, పంచాయతీ ఆఫీసులో ఎవరేమన్నారో దాని గురించి గంటసేపు మాట్లాడి వెళ్ళిపోయేది. ఆమె వెళ్ళాక అమ్మ ఆ చల్లారిన కాఫీ తనే తాగేసేది, పొయ్యి దగ్గర నిలబడి, మా వైపు చూడకుండా.

ఆమె ఎందుకు తాగదో మా బస్తీలో చంటిపిల్లలకు కూడా తెలుసు. వాగుకు ఇవతల ఉండేవాళ్ళం మేము. పెద్దమ్మది పై వీధి. వాళ్ళూ రోమా జాతివాళ్ళే, మేమూ రోమా జాతివాళ్ళమే. కానీ వాళ్ళ తాతలు పెళ్ళిళ్ళలో వాయులీనం వాయించినవాళ్ళు. మా ముత్తాత యుద్ధం తర్వాత వచ్చిన ఆకలి సంవత్సరంలో చచ్చిన గుర్రం మాంసం కోసుకొచ్చి పిల్లలకు పెట్టాడట. ఆ ఒక్క శీతాకాలంతో మా ఇళ్ళన్నీ దెగెష్ ఇళ్ళయిపోయాయి. అంటే అంటు తగిలిన ఇళ్ళని. పై వీధివాళ్ళు మాతో మాట్లాడతారు, నవ్వుతారు, మా చావులకు కూడా వస్తారు. మా పొయ్యి మీది ముద్ద మాత్రం నోట పెట్టరు. ఊళ్ళోని గాజోలకు, అంటే రోమా జాతి కానివాళ్ళకు, ఈ తేడాలేవీ తెలియవు. వాళ్ళ కళ్ళకు మేమందరం ఒకటే నలుపు.

చిన్నప్పుడు ఎతెలా పెద్దమ్మ బడిలో మా బస్తీ పిల్ల చేతిలోంచి రొట్టెముక్క తీసుకుని తిన్నదట. అది తెలిసి వాళ్ళ నానమ్మ ఆమె నోట్లో సబ్బు పెట్టి రుద్ది, నురగ మింగేదాకా వదల్లేదట. ఈ సంగతి పెద్దమ్మ మాతో ఎప్పుడూ చెప్పలేదు. ఆ రొట్టె ఇచ్చిన పిల్ల మా మేనత్త. ఆమె చెప్పింది.

అలాంటి ఇంట్లో పుట్టిన మనిషి మా బస్తీలో పని ఒప్పుకోవడమే పెద్ద మాట. ఒక సేవాసంస్థ ఆమెను పెట్టుకుంది. జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ. ఆమె రాకముందు మాకు కొళాయి లేదు, వాగు నీళ్ళే తాగేవాళ్ళం. నన్ను ఆరేళ్ళకే మందబుద్ధి పిల్లల బడిలో వేశారు. పరీక్ష పెట్టినావిడ చూపించిన బొమ్మల పేర్లు నాకు మా మాటలోనే తెలుసు, ఆవిడ మాటలో తెలియవు. పెద్దమ్మ నా కోసం బడి పెద్దలతో పోట్లాడింది. అప్పటికే నాకు పదిహేనేళ్ళు. చివరికి ఆ బడి కూడా మానేశాను. నా చెల్లెలు వియోలా విషయంలో ఆమె ముందే మేలుకుంది. వియోలాను మొదటి రోజు ఊరి బడికి తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. గాజో తల్లులు పక్కకు తప్పుకుంటే, వాళ్ళకు వినబడేలా వియోలాతో పాట పాడించుకుంటూ మెట్లెక్కింది.

ఊరి బీరు కొట్టు కథ ఆమెకు చాలా ఇష్టం. అక్కడ గాజోలకు గాజు గ్లాసుల్లోనూ మాకు ప్లాస్టిక్ కప్పుల్లోనూ పోసేవాళ్ళు. పెద్దమ్మ ఒకరోజు మధ్యాహ్నం వెళ్ళి నిమ్మసోడా అడిగింది. ప్లాస్టిక్ కప్పు పెట్టారు. ముట్టుకోలేదు. కొట్టు మూసేవేళ దాకా అలాగే కూర్చుంది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. వారం తిరిగేసరికి కొట్టువాడు విసిగిపోయి గాజు గ్లాసు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"వాడి మొహం చూడాలి," అని చెప్పేది మాకు. "గ్లాసు కాదు, వాడి కిడ్నీ కోసిస్తున్నట్టు ఇచ్చాడు."

బస్తీ అంతా పగలబడి నవ్వేది. మా అమ్మ కూడా నవ్వేది. ఆ కథ చెబుతున్నంతసేపూ గులాబీల కప్పులో కాఫీ పెద్దమ్మ ముందే చల్లారుతుండేది.

సేవాసంస్థ కొత్త ఇళ్ళ పని మొదలుపెట్టిన ఏడు మా వియోలాకు దగ్గు పట్టుకుంది. మా గుడిసె గోడల్లో చెమ్మ, పైన రేకు, కింద మట్టి. చలికాలమొస్తే దుప్పట్లు కూడా తడిసినట్టుండేవి. ఇంకో చలికాలం అదే ఇంట్లో ఉంటే పిల్ల ఊపిరితిత్తులు పాడైపోతాయని డాక్టరు అమ్మతో తేల్చి చెప్పాడు. సేవాసంస్థ వాగు అవతల మిట్ట మీద స్థలం, ఇటుకలు, కలప ఇస్తానంది. కూలీలను ఇవ్వదు. కుటుంబాలన్నీ కలిసి ఒకరి ఇల్లు తర్వాత ఒకరిది కట్టుకోవాలి. నాన్న వియోలా పుట్టిన ఏడే పోయాడు. ఆయన వంతు పని అమ్మే చేస్తానంటే, పెద్దమ్మ మా పేరు రాయించింది. తక్కిన ఇళ్ళన్నీ పై వీధివాళ్ళవి.

అందరి ఇళ్ళకూ అమ్మ సున్నం కలిపింది, ఇటుకలు మోసింది. మా వాళ్ళలో ఒక పద్ధతుంది. ఎవరి ఇల్లు లేస్తుంటే వాళ్ళ పొయ్యి మీదే పనివాళ్ళకు భోజనం. అలా పెడితేనే అది చుట్టాల పని, లేకపోతే కూలిపని. పనికి వచ్చి ఆ ఇంటి అన్నం తినకుండా వెళ్ళడం ఇంటావిడను చెంపమీద కొట్టడమే. పై వీధివాళ్ళు అమ్మకు కూడా పెట్టారు. పళ్ళెం గుమ్మం బయట మెట్టు మీద పెట్టారు, అంతే. అమ్మ తిని, కడిగి, అక్కడే బోర్లించి వచ్చేది.

ఆకులు రాలే కాలానికి మా వంతు వచ్చింది. గోడలు అమ్మా, నేనూ, మా బస్తీ చుట్టాలూ కలిసి ఎలాగో లేపాం. పైకప్పు అలా కాదు. దూలాలు ఎత్తడం, కూర్చడం తెలిసినవాళ్ళు పై వీధివాళ్ళే. వాళ్ళ పెద్ద మేస్త్రీ పెద్దమ్మ తమ్ముడు కోలోమన్. సోమవారం వస్తామన్నాడు, నడుం పట్టేసిందన్నాడు. తర్వాత వానన్నాడు. ఎండ కాసిన రోజున బావమరిది ఇంట్లో నామకరణం అన్నాడు. సంస్థ ఇంజనీరు వచ్చి మొండిగోడలు చూసి, నవంబరు మొదట్లో వచ్చే సకల పునీతుల పండుగలోపు పైకప్పు పడకపోతే కలప తర్వాతి కుటుంబానికి వెళ్ళిపోతుందని పెద్దమ్మతో చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రం పెద్దమ్మ కోలోమన్‌ను నిలదీసింది. ఊరి దుకాణం ముందు. నేను పిండి కొనుక్కుని తలుపు పక్కన నిలబడి ఉన్నాను. నన్ను వాళ్ళు చూడలేదు. నన్నెవరూ పెద్దగా చూడరు.

"నీ నడుం పైకప్పుల దగ్గరే ఎందుకు పట్టేస్తుందిరా?" అంది పెద్దమ్మ. "డాన్సులప్పుడు బాగానే తిరుగుతుందిగా."

కోలోమన్ నవ్వాడు, తల గోక్కున్నాడు. "అక్కా, నాకు అరాంకా మీద కోపమా? మంచిది పాపం, గాడిదలా చేస్తుంది. పనికొస్తే తినాలి. తినకుండా దిగొస్తే దాని మొహాన ఉమ్మినట్టు. అందుకే రావట్లేదు. మర్యాద కోసమే."

"అయితే తిను."

"నువ్వు తిన్నావా?"

పెద్దమ్మ సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఇన్నేళ్ళుగా వెళ్తున్నావు కదా అక్కా. దాని ఇంట్లో గుక్కెడు నీళ్ళు తాగావా? మా అందరి ముందూ ఒక్క ముద్ద తిను. మర్నాడు పొద్దున్నే నిచ్చెన వేస్తా. ఒట్టు."

పక్కనున్న ఇద్దరు ముగ్గురు మగాళ్ళు నేల చూశారు. పెద్దమ్మ మెడ మీద నరం లేచింది. సరేనంది. శనివారం పనికి రమ్మంది, వాళ్ళ ముందే తింటానంది.

శుక్రవారం మా ఇంటికొచ్చింది. అమ్మ వంట గురించి అడిగింది. గోయా వండుతానని అమ్మ చెప్పింది. పంది పేగుల్లో తురిమిన బంగాళదుంప కూరి వండే కూర అది. పేగు ఎవరి చేత్తో కడిగారో నమ్మకముంటేనే మా వాళ్ళు తింటారు. అమ్మ కావాలనే అది ఎంచుకుంది. మచ్చుకు రెండు ముక్కలు ముందే ఉడికించి ఉంచింది, పళ్ళెంలో పెట్టి పెద్దమ్మ ముందుకు తెచ్చింది.

"ఉప్పు చూడక్కా," అంది. "రేపు అందరి ముందూ తినాలి కదా, ఇవాళ అలవాటు చేసుకో."

దుకాణం ముందు జరిగింది నేను అమ్మకు చెప్పాను. ఆ మాట అమ్మ దాకా వచ్చిందని పెద్దమ్మకు అర్థమైంది. ఫోర్క్ తీసుకుంది. ముక్క కోసింది. నోటిదాకా తెచ్చింది. ఆమె పెదవులు తెరుచుకోలేదు. తినాలని గట్టిగానే అనుకుని వచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది, నుదుటి మీద చెమట కూడా పట్టింది. చివరికి ఫోర్క్ కిందపెట్టేసింది.

"ఇప్పుడే తినొచ్చాను అరాంకా," అంది, పళ్ళెం వైపు చూస్తూ.

అమ్మ పళ్ళెం తీసేసింది.

శనివారం పొద్దున అమ్మ ఉన్న పెద్ద గిన్నె నిండా గోయా వండింది. పేగులు ముందు రోజే ఉప్పుతో, వెనిగర్‌తో, మళ్ళీ ఉప్పుతో కడిగింది, గోళ్ళు తెల్లబడేదాకా. ఇద్దరం గిన్నెకు రెండు చెవులూ పట్టుకుని మిట్ట ఎక్కాం. మగాళ్ళు అప్పటికే వచ్చి ఉన్నారు. దూలాలు లేస్తున్నాయి. అమ్మ మొహం వెలిగింది. అప్పుడు పెద్దమ్మ మనవణ్ణి తిప్పే బండి తోసుకుంటూ వచ్చింది. బండిలో పిల్లవాడు లేడు. తువ్వాలు చుట్టిన పెద్ద గిన్నె ఉంది.

భోజనం వేళ ఆమె మూత తీసి అందరికీ వినబడేలా చెప్పింది. "గోయా. నా పొయ్యి మీద, నా చేత్తో కడిగి వండింది. అరాంకాకు ఇంత పెద్ద గిన్నె లేదని నేనే వండుకొచ్చాను. రండి, తినండి."

అమ్మ గిన్నె ఆమె కాళ్ళ దగ్గరే ఉంది. తనదానికంటే పెద్దది. పెద్దమ్మ వంగి, దాన్ని రెండు చేతులా జాగ్రత్తగా ఎత్తి, సిమెంటు బస్తాల వెనక్కి పెట్టింది. కోలోమన్ అంతా చూశాడు. పందెం మాట ఎత్తలేదు. అతనికీ అదే హాయిగా ఉంది.

అందరూ తిన్నారు. కోలోమన్ వేళ్ళు నాక్కుంటూ, "అక్కా, వెల్లుల్లి పడితే నీ చెయ్యే చెయ్యి," అన్నాడు. పెంకులు మోస్తున్న అమ్మను చూసి పిలిచాడు. "అరాంకా, నువ్వూ రావే, మొహమాటపడకు. మా అక్క బోలెడు వండింది."

మంచి మనసుతోనే అన్నాడు. అమ్మ పెంకులు దించి, చేతులు లంగాకు తుడుచుకుని వెళ్ళింది. తన ఇంటి గోడ పక్కన, తన ఇంటి పనిలో, అతిథిలా పళ్ళెం పట్టుకుని నిలబడింది. పెద్దమ్మ వడ్డించింది. అమ్మ అక్కడే, ఆమె ఎదురుగానే, ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నది. పెద్దమ్మ మాత్రం ఆ రోజు ఏమీ తినలేదు. పెంకుల దొంతర మీద కూర్చుని గరిటెను గడ్డితో తుడుస్తూనే ఉంది, శుభ్రమయ్యాక కూడా.

అమ్మ గిన్నెను సాయంత్రం మళ్ళీ ఇద్దరం మోసుకుని దిగాం. దిగేటప్పుడు ఇంకా బరువనిపించింది. బస్తీ పిల్లలు దాన్ని నిమిషాల్లో ఖాళీ చేశారు. బాగుందా అని అమ్మ అడగలేదు.

పండుగకు ముందే పైకప్పు పడింది. మంచు మొదలయ్యేసరికి కొత్త ఇంట్లో పొయ్యి వెలిగించుకున్నాం. వియోలా దగ్గు తగ్గింది. పెద్దమ్మ చాలా వారాలు రాలేదు. పని ఎక్కువగా ఉందని కబురు పంపేది.

వచ్చిన రోజున మేము ఇంట్లోనే ఉన్నాం. బల్ల దగ్గర కూర్చుంది. గోడలు చూసింది, కిటికీ బాగుందంది, పొయ్యి పొగ పైకి పోతోందా అని అడిగింది. అమ్మ ఎదురుగా కూర్చుని తన సిల్వరు కప్పులో తను కాఫీ తాగుతోంది. పెద్దమ్మ ముందు బల్ల ఖాళీగా ఉంది. గులాబీల కప్పు అలమరలో కనబడుతూనే ఉంది.

పెద్దమ్మ అలమర వైపు చూసి అంది, "నాకు పెట్టలేదే."

"ఇప్పుడే తాగొచ్చుంటావు కదక్కా," అంది అమ్మ. గొంతులో కోపం లేదు.

పెద్దమ్మ తల వంచుకుంది. చెవుల దాకా ఎర్రబడింది. అంత పెద్ద మనిషిని అలా చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

"లేదు," అంది చివరికి. "పొద్దుటినుంచి ఏమీ తాగలేదు. కాఫీ పోయ్."

అమ్మ లేచి గులాబీల కప్పు తియ్యబోయింది. పెద్దమ్మ వద్దంది. మేం రోజూ తాగే సిల్వరు కప్పుల్లోనే పొయ్యమంది. అమ్మ పోసింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుని ఒక గుక్క మింగింది. ఇంకో గుక్క. ఏమీ కాలేదు.

అమ్మ మెల్లగా అంది, "ఆ రోజు తినుంటే బాగుండేదక్కా. ఇవాళ ఎవరు చూస్తున్నారు?"

పెద్దమ్మ కప్పు పట్టుకుని లేచింది. వీధి తలుపు తీసింది. ఎదురింటి పైకప్పు మీద కోలోమన్, ఇంకో ఇద్దరూ పొగగొట్టం బిగిస్తున్నారు. వాళ్ళు ఇటు చూస్తే ఆమె చేతిలో కప్పు కనబడుతుంది. గడప మీద ఒక కాలు పెట్టింది. చలిగాలి లోపలికొచ్చింది. కప్పులోంచి ఆవిరి లేస్తోంది. కోలోమన్ ఎవరినో పిలుస్తూ నవ్వాడు. పెద్దమ్మ కప్పును శాలువా చాటుకు లాక్కుని, కాలు వెనక్కి తీసుకుని, తలుపు వేసేసింది.

మిగతా కాఫీ లోపలే తాగింది. కప్పు తనే కడిగింది.

ఇప్పటికీ ప్రతి వారం వస్తుంది. వచ్చినప్పుడల్లా తాగుతుంది, పంచదార ఇంకో చెంచా అడుగుతుంది కూడా. ఆమె వస్తోందని తెలిస్తే అమ్మ ఇప్పుడు కప్పు కడగదు. కుర్చీ తిప్పి వేస్తుంది, పెద్దమ్మ వీపు వీధి కిటికీ వైపు ఉండేలా.