పగటి దుప్పటి

ఇదివరకు రోజూ పొద్దున్నే ఆమె కిటికీకి మందపాటి దుప్పటి కట్టేది. భర్త గోదాములో రాత్రి కాపలాదారు. డ్యూటీ దిగి వచ్చి ఆయన పడుకుంటే సాయంత్రం దాకా ఇంట్లో చీకటే, మాటలన్నీ గుసగుసలే. చప్పుడవుతుందని కుట్టుమిషను మీద గుడ్డ కప్పి మూలన పెట్టేసింది. ఆయన పోయాక వానలు వచ్చి వెళ్లాయి. పడుకునే మనిషి లేడు గానీ, దుప్పటి కట్టడం ఆమె మానలేదు. ఏడుపూ రాలేదు. చేతులు వాటంతటవే ముడి వేసేవి.

కొత్త సంవత్సరం మొదటి రోజున ఆడపడుచు దిండు గలీబుల గుడ్డ పట్టుకుని వచ్చింది.

"ఆ మిషను బయటికి తియ్యి. ఇవి బాగా కుడితే మా వీధి వీధంతా నీకే ఇస్తారు."

"మెల్లిగా, వదినా," అంది ఆమె అలవాటుగా.

"ఎవరు లేస్తారే, బల్లులా?" అని నవ్వబోయి ఆడపడుచు కళ్లు తుడుచుకుంది. "అయినా మా తమ్ముడు నెత్తిన పిడుగు పడ్డా లేచే రకమా? చిన్నప్పుడు మంచంతో సహా ఎత్తుకెళ్లి వీధిలో పెడితే గురక కూడా ఆపలేదు. నువ్వే ఇన్నేళ్లూ పిల్లిలా నడిచావు."

ఆమెకు నవ్వాలో బాధపడాలో తెలియలేదు. రెండూ రాలేదు.

మర్నాడు పొద్దున దుప్పటి ఒక కొస మేకుకు తగిలించి, కాసేపు అలాగే నిలబడింది. మళ్లీ తీసి కుర్చీ మీద పడేసింది. ఎండ మంచం దాకా వచ్చింది. మిషను తొక్కితే చప్పుడు ఇల్లంతా నిండింది. ఆగి, చెవి ఒగ్గి విన్నది. ఎవరూ లేవలేదు. మళ్లీ తొక్కింది. దుప్పటి కుర్చీ మీదే ఉంది, మడత కూడా పెట్టలేదు.