బియ్యం డబ్బాలో రెండో కాపీ

కంప్యూటర్ అంటే చెప్పులు విడిచి అడుగుపెట్టాల్సిన చల్లటి గది అని మేమంతా నమ్మిన కాలమది. మా ఫ్యాక్టరీలో ఆ గదికి నేను ఆపరేటర్‌ని (లాల్‌దర్వాజాలో మా గల్లీ వరకైతే ఇంజనీర్‌నే, ఎవరి నమ్మకాన్నీ చెడగొట్టడం నాకు ఇష్టం ఉండేది కాదు). కార్మికుల సర్వీసు వివరాలన్నీ డిస్కులో ఉండేవి. పాత కాగితాలు అప్పటికే చెదల పాలయ్యాయి. అందుకని మా సారు అన్నిటినీ ఒక టేపు చుట్ట మీదకి ఎక్కించి, తిరిగి చదివించి సరిచూసి, "ఆఫీసు కాలిపోయినా ఇది మిగలాలి. మీ ఇంట్లో పెట్టు" అని నాకు అప్పగించారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

సరిగ్గా బోనాల ముందు డిస్కు చెడిపోయింది. అదే ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేస్తూ ఆ నెలే రిటైర్ కావలసిన మా బాపు గది గుమ్మం దాకా వచ్చి, "నా కొలువంత గా చుట్టలనే ఉన్నదా బిడ్డా?" అన్నాడు. టేపు కోసం సైకిలెక్కి ఇంటికి పరుగెత్తాను. ఇంట్లో టేపు పెట్టిన అరలో టేపు లేదు. రెండు పెద్ద లౌడ్‌స్పీకర్లున్నాయి! మైక్‌సెట్ నడిపే మా చిన్నమామ పండక్కని తెచ్చి పెట్టాడట. ఒక్కోదాని వెనక ఇంతేసి అయస్కాంతం. అది దగ్గరికొస్తే టేపు మీద రాసిందంతా చెరిగిపోతుందని మా గదిలో మొదట నేర్పే పాఠం.

"అమ్మా, నా టేపేది?"

"గట్ల ఒర్లుతవేందిరా? స్పీకర్లు పెట్టినంక జాగ ఇరుకయిందని తీసి బియ్యం డబ్బాల దాసిన."

"బియ్యంల పెడ్తరా ఎవరన్న!"

"నా ముక్కుపుడక గుడ గండ్లనే ఉంటది. నీ కొలువు గీ చుట్టల ఉన్నదని నువ్వే అంటివి గద!"

అంటే కాసేపైనా ఆ టేపు స్పీకర్ల పక్కనే ఉందన్నమాట. బోనాల బజారు జనంలో సైకిల్‌ను తోసుకుంటూ, మొక్కని దేవుడు లేకుండా ఆఫీసు చేరాను. చుట్ట తిరిగింది, ఆగింది, వెనక్కి పోయింది, మళ్లీ తిరిగింది (నా గుండె కూడా దాని వెంటే). అద్దం అవతల బాపు టోపీ నలుపుతూ నిలబడ్డాడు. కాసేపటికి ప్రింటర్ గరగరమంటూ ఒక్కొక్క పేరే కక్కసాగింది. బాపు పేరు, చేరిన తేదీ చెక్కుచెదరకుండా వచ్చాయి. నేను తలూపాను. ఆయన అటు తిరిగి రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు. ఇటు నేనూ ఏడ్చేశాను. ఇంతలో టేపు తెచ్చిన పెట్టెలోంచి ఓ బియ్యపుగింజ, దుమ్ముకే ప్రవేశం లేని ఆ నేల మీద రాలింది. సారు దాన్ని చూశారు, నన్ను చూశారు.

తర్వాతి వారం కొత్త కాపీతో ఇంటికొస్తే అమ్మ డబ్బా మూత తీసి పట్టుకుంది. గల్లీ ఇంజనీర్ గారు చుట్టను బియ్యంలోకి దించారు. ఆయన్ని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మూత పట్టుకున్న అమ్మ చెయ్యి గుర్తొచ్చేదాకా.