కోతి ఆవలించింది, నేను గెలిచిన అనుకున్న

నవ్వనని ఒట్టెయ్యండ్రి, అప్పుడే చెప్త! మొన్న ఆదివారం మా ఇంట్ల ప్రేయర్ మీటింగ్‌కని చేసిన గరిజెలు సగం పోయినయి, నా ఇజ్జత్ మొత్తం పోయింది. రెండూ తిన్నది ఒక్క కోతే.

నాచారంల బట్టల కంపెనీల లైన్ సూపర్‌వైజర్ అంటే మాటలా? నలభై మిషన్లు! నేను నోరు తెరవను, ఊకె చూస్త. అంతే, ముచ్చట్లు బంద్, ఫోన్లు బ్యాగులల్లకు. నా చూపు మీద నాకు గంత నమ్మకం మరి.

ఉప్పల్‌ల మా వంటిల్లు అగ్గిపెట్టంత. అందుకే డాబా మీద పొయ్యి పెట్టి, పొద్దుగాల అయిదింటి నుంచి కొబ్బరి గరిజెలు చేసిన. రెండు బేసిన్ల నిండ! ఆఖరి వాయి తీస్తుంటే పిట్టగోడ మీద దిగింది, మస్తు పెద్ద మగకోతి.

"సునీతా, లోపలికి రా! దాని కండ్లల్లకు చూడకు!" మెట్ల తలుపు దగ్గరి నుంచి మా ఆయన. ఫోన్ల జంతువుల వీడియోలు చూసి చూసి పెద్ద సైంటిస్టు అయిండు లెండి.

"మీరు ఊకోండ్రి. నలభై మందిని ఆడిస్తున్న, గిదొక లెక్కనా?" అని చిల్లుల గరిటె పట్టుకొని నా సూపర్‌వైజర్ చూపు వదిలిన.

అది కనుబొమ్మలు ఎగరేసింది. ఓహో, నమస్తే పెడుతుంది అనుకున్న. ఇంకా గట్టిగ చూసిన. పక్కనున్న డిష్ యాంటెన్నా పట్టుకొని గడగడ ఊపింది. పాపం, వణుకుతుంది అనుకున్న. రెండడుగులు ముందలికేసిన. అప్పుడు నోరు ఇంత తెరిచి, తాపీగ ఆవలించింది!

"చూసిన్రా? నిద్రొస్తుంది దానికి!" అని గర్వంగ మా ఆయన దిక్కు తిరిగిన. ఆ మగమహారాజు ఏం చేసిండు? ధడాల్న తలుపేసి లోపల గడియ పెట్టిండు. నన్ను బయటుంచి!

వెనక ధన్‌మని చప్పుడు. కోతి బేసిన్ కాడికి దుంకి, ఒళ్ళంత వెంట్రుకలు లేపి, రెండింతలై నా మీదికి ఒక్క గుర్రు! గరిటె ఒక దిక్కు, చెప్పులు ఒక దిక్కు, నేను నీళ్ళ ట్యాంకు వెనక. "ప్రభువా, ఈ ఒక్కసారి!"

అది కాలు మీద కాలేసుకున్నట్టు కూసొని ఒకటి కొరికి పడేసుడు, ఇంకోటి అందుకునుడు. నా కష్టమంత అట్ల పోతుంటే నిజంగనే ఏడుపొచ్చింది. జర తల బయటపెడితే మళ్ళ ఆవలింత! తల మళ్ళ లోపలికి.

"కోతి ఆవలిస్తే నిద్ర కాదే, కోరలు చూపిస్తున్నట్టు!" తలుపు సందులకెల్లి మా ఆయన పాఠం. "మొదలు కనుబొమ్మలు, తర్వాత ఊపుడు, లాస్ట్‌కు కోరలు. మూడు వార్నింగ్‌లు ఇచ్చింది పాపం!"

ఎంత మంచి టైమ్‌కు చెప్పిండో!

అంతల ప్రేయర్‌కు వచ్చినోళ్ళు లొల్లి విని మీదికొచ్చిన్రు. గడియ తీసుడుతోనే అంతమందిని చూసి కోతి చెరో చేతిల ఒక గరిజె పట్టుకొని పోయింది. అందరికన్న ముందల ఎవరు? మా లైన్ల కుట్టే స్వరూప! ట్యాంకు వెనకకు తొంగి చూసి, "మేడం, మీరేనా?" అన్నది. ఆ రోజు మొదటి ప్రార్థన నా ధైర్యం కోసమే చేసిన్రు.

సోమవారం లైన్ల ఎప్పటి లెక్కనే ఒక చూపు చూసిన. నలభై మంది ఒక్కసారే కనుబొమ్మలు ఎగరేసిన్రు. స్వరూప మిషన్ పట్టుకొని ఊపింది కూడ.

సరే, ఫికర్ ఎందుకని మీటింగ్‌కు పోయిన. నేను రిపోర్టు చదువుతుంటే మేనేజర్ సార్ నా దిక్కే చూసుకుంట నోరు ఇంత తెరిచి ఆవలించిండు. నేను తల దించుకొని, లంచ్‌కని తెచ్చుకున్న మిగిలిన గరిజెల డబ్బా మెల్లగ సార్ ముందలికి జరిపి, వెనక్కి వెనక్కి నడుచుకుంట బయటికొచ్చిన.