బడికి బల్లలు తెచ్చిన రోజు

మా తమ్ముడికి ఆత్మకూరు కోర్టులో బెయిలు వచ్చిందని తెలిసి, నేనూ మా మరదలూ పొద్దున్నే జైలు దగ్గరికి వెళ్ళాం. ఎర్రచందనం దుంగలు తోలాడని వాడి మీద రెండు కేసులు. రెండింటికీ బెయిలు వచ్చింది. మరదలు వాడికని ఇస్త్రీ చేసిన చొక్కా కూడా తెచ్చింది. గేటు తెరుచుకుని వాడు బయటికొచ్చాడు. మేం నాలుగడుగులు వేశామో లేదో, పక్కనే ఆగి ఉన్న జీపులోంచి పోలీసులు దిగారు. ఏదో కాగితం చేతికిచ్చి, సంతకం చేయించుకుని, వాణ్ణి మళ్ళీ అదే గేటు లోపలికి తీసుకెళ్ళారు.

"ఏంది సార్ ఇది? బెయిలు వచ్చిండాది గదా!" అని మరదలు అరిచింది.

"అది కేసులకమ్మా. ఇది పీడీ యాక్టు" అన్నాడొక పోలీసు.

ఉదయగిరిలో మాకు తెలిసిన వకీలు విడమరిచి చెప్పాకే నాకు అర్థమైంది. చేసిన నేరానికి శిక్ష కాదట. ముందు ముందు మళ్ళీ చేస్తాడేమోనని ఏడాది దాకా లోపల పెట్టొచ్చట. దానికి బెయిలు ఉండదు. హైకోర్టుకు పోయి, లోపల పెట్టమన్న ఉత్తర్వునే కొట్టేయమని అడగాలి.

నిజం చెప్పాలంటే, మొదటి కేసులో ఏం జరిగిందో నాకు తెలియదు. కలువాయి వైపు వాడు తోలుతున్న బాడుగ బండిలో గడ్డి కింద దుంగలు దొరికాయి. "గడ్డి కింద ఏముండాదో నేను చూళ్ళేదక్కా" అన్నాడు. సగమే నమ్మాను. రెండో కేసు మాత్రం అబద్ధం. అడవిలో పోలీసులను చూసి పారిపోయినవాళ్ళలో వాడొకడని రాశారు. ఆ రోజు వాడు ఆత్మకూరు నుంచి ఉదయగిరికి, నేను పాఠాలు చెప్పే బడికి, కొత్త బల్లలు తెచ్చాడు. సాయంత్రం దాకా నా కళ్ళ ముందే వాటిని దించి, గదుల్లో సర్దాడు. హెడ్మాస్టరుగారు రిజిస్టరు చూసి ఆ మాటే లెటరుగా రాసిచ్చారు.

ఆ లెటరు జతచేసి ప్రభుత్వానికి అర్జీ పెట్టాం. రెండు నెలలకు "పరిశీలించి తిరస్కరించడమైనది" అని ఒక్క ముక్క వచ్చింది. ఉత్తర్వు సరైనదో కాదో చూసే బోర్డు ముందుకు వకీలు రాకూడదన్నారు. తొమ్మిదో తరగతితో చదువు మానేసిన మా వాడే మాట్లాడుకున్నాడు.

"బల్లల సంగతి చెప్పినావా?" అని ములాఖత్‌లో అడిగాను.

"చెప్పినానక్కా. తలకాయ ఊపినారు."

హైకోర్టుకు మూడుసార్లు వెళ్ళాను. ప్రతిసారీ బడికి సెలవు పెట్టాలి, నెల్లూరులో రైలెక్కాలి. మా నంబరు పిలిచేవాళ్ళు, ప్రభుత్వ వకీలు జవాబు వేయడానికి గడువు అడిగేవాడు, వాయిదా పడేది. నేను లేచి నిలబడేలోపే అంతా అయిపోయేది.

రెండోసారి బయటికొచ్చాక మా హైకోర్టు వకీలు చేతిలో ఆ లెటరు పెట్టాను. "ఇది జడ్జిగారికి చూపించండి సార్."

"ఇక్కడ అది చూడరమ్మా. నేరం చేశాడా లేదా అన్నది ఈ పిటిషన్లో రాదు. ఉత్తర్వు పద్ధతి ప్రకారం ఇచ్చారా లేదా, అంతే" అంటూ కేసు కాగితాల కట్ట తిరగేస్తున్నవాడు ఒకచోట ఆగాడు. "ఈ పేజీలు మీరు చదవగలరా?"

జిరాక్సు మీద జిరాక్సు తీసి, మసి పూసినట్టున్నాయి. "ఒక్క అక్షరం కూడా కనపడట్లేదు సార్" అన్నాను.

"మీ తమ్ముడికిచ్చిన కాపీ ఇదే. తనను ఎందుకు పట్టుకున్నారో చదవలేనివాడు జవాబెలా చెప్పుకుంటాడు? ఇది చాలమ్మా మనకు!" అన్నాడు సంబరంగా.

నాకు ఒళ్ళు మండింది. "నేను కళ్ళారా చూసినదానికి విలువ లేదు గాని, ఎవురికీ కనపడనిదానికి ఉండాదా సార్?"

"ఆయన బయటికి రావాలా, వద్దా?"

లెటరు వెనక్కి తీసుకుని సంచిలో పెట్టుకున్నాను.

వాణ్ణి లోపల పెట్టిన పదో నెలలో ఉత్తర్వు కొట్టేశారు, ఆ మసి పేజీల మీదే. ఇంటికొచ్చిన మర్నాడు తమ్ముడు తీర్పు కాపీ నా చేతికిచ్చి చదవమన్నాడు.

"ఆ పొద్దు నేను అడవిలో లేనని రాసినారా?"

"లేదురా."

"మరి దేనికి వదిలినారు?"

"నీకిచ్చిన కాగితాలు కనపడలేదని."

కాపీ మీదికి వంగి పేజీలు తిరగేశాడు. తర్వాత, "బాగా కనపడుంటే ఇంకా లోపలే ఉండేవాణ్ణా?" అన్నాడు. తీర్పు మడిచి బీరువాలో పెట్టాను, ఇంకేం చేయాలో తోచక.

కేసులు రెండూ అలాగే ఉన్నాయి. నేను సాక్ష్యం చెప్పాలంటే ముందు పోలీసుల తరఫు సాక్షులంతా అయిపోవాలట. తమ్ముడికి బాడుగ బండి ఎవరూ ఇవ్వలేదు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేచోట పని అడిగితే, "నీ మీద కట్టె కేసులు ఉండాయి, ఫారెస్టోళ్ళు వస్తే మాకు తంటా" అన్నారు. ఇప్పుడు ఆత్మకూరులో సిమెంటు కొట్లో బస్తాలు దించుతున్నాడు. వచ్చే వారం వాయిదా ఉంది. సెలవు ఎందుకని ఓనరు అడిగితే ఏం చెప్పాలో ఇద్దరం ఇంకా తేల్చుకోలేదు.