పేట టైముకి దొరకని చుక్క

ఈ ప్రయాణానికి కారణం ఒక పోస్టుకార్డు. 1961 జూన్ మొదట్లో ఒక బుధవారం మధ్యాహ్నం నందిగామలో మా ఇంటికి వచ్చింది. రాసింది మా మరదలు సుగుణ. జగ్గయ్యపేటలో మా అత్తవారింట్లో ఉంటుంది. ఆ ఏడే ఎస్సెస్సెల్సీ ప్యాసైంది, లెక్కల్లో స్కూలు ఫస్టు. కార్డులో ఉన్నది ఇంతే:

"బావగారూ, బెజవాడ కాలేజీలో పీయూసీకి అప్లికేషను ఇవ్వడానికి శనివారం ఆఖరు. నాన్న సంతకం పెట్టనంటున్నారు. ఈస్టరు పండక్కి మీరు గొప్పగా చెప్పిన ఆ నడిచే చుక్కని చూపిస్తే పెడతారంట. లేకపోతే నేను మీ ఇంటికొచ్చి అక్కయ్య దగ్గర కుట్టు నేర్చుకోవాలంట. వెంటనే రండి."

గొప్పలు చెప్పిన మాట నిజమే. నేను హైస్కూల్లో సైన్సు మాస్టర్ని, ఆ జబ్బు ఉద్యోగంతోనే వచ్చింది. అమెరికా వాళ్ళు కిందటేడు ఒక పెద్ద వెండి బెలూనుని ఆకాశంలోకి వదిలారని, అది రెండేసి గంటలకోసారి భూమిని చుట్టి వస్తోందని, మన కంటికి నడిచే నక్షత్రంలా కనపడుతుందని పలావు తింటూ చెప్పాను. మా మావగారు యోహాను గారు రిటైరైన హెడ్మాస్టరు, చర్చిలో సంఘపెద్ద. ఆయన ఎముక పక్కన పెట్టి, "అల్లుడుగారూ, ఈ కోడి నా కళ్ళకి కనపడతా ఉంది, తింటన్నా. మీ చుక్క కూడా కనపడితే అప్పుడు నమ్ముతా" అన్నారు. సైన్సు చదువులన్నీ గాలికబుర్లని ఆయన నమ్మకం. ఆ గాలికబుర్లు చెప్పి బతికేవాడికే పెద్దకూతుర్నిచ్చిన సంగతి ఆయన మర్చిపోయారు.

అదృష్టంకొద్దీ ఆ వారమే పేపర్లో మన ప్రాంతానికి ఆ బెలూను కనపడే వేళలు వేశారు. గురువారం సాయంత్రం ఏడూ నలభై ఎనిమిది, శుక్రవారం ఏడూ ఇరవై నాలుగు. నైరుతిలో పుట్టి ఈశాన్యంలో మాయమవుతుంది. ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి నందిగామ బస్టాండుకి చేరాను. నా భార్య కరుణ సాగనంపుతూ, "చూపించలేకపోతే మీరు రాకపోయినా ఫర్వాలేదు" అంది. వేళాకోళమో కాదో తేల్చుకోలేకపోయాను.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఎండవైపు సీటు కాబట్టే దొరికింది. నా పక్కన వీరులపాడు నుంచి ఒక పెద్దావిడ, ఒళ్ళో కోడిపెట్ట. వెనక కోదాడ వెళ్ళే బట్టల మూటల ఆసామి. నా చేతిలో పేపరు చూసి ఆవిడ అడిగింది.

"ఆ రష్యా ఆయన పైకెళ్ళొచ్చాడంట గదండీ. దేవుడు కనపడ్డాడా?"

"లేదంటమ్మా. నూటెనిమిది నిమిషాలే ఉన్నాడు."

"గంటా ముప్పావులో దేవుడేం కనపడతాడండీ, మా ఇంట్లో దువ్వెనే కనపడదు. అంతకుముందు ఓ కుక్కని పంపి దింపకుండా వదిలేసారంట. దాని ఉసురు ఊరికే పోద్దా?"

బట్టల ఆసామి ముందుకి వంగాడు. "గాలి లేని కాడికి పోయి ఏం జేస్తరు సారూ?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. చంద్రుడి వెనకవైపు ఫొటో తీశారని కూడా చెప్పాను. ముందువైపే సరిగ్గా చూడనోళ్ళకి వెనకవైపెందుకన్నాడు ఆసామి. నేను కోడిపెట్ట వైపు చూశాను.

చిల్లకల్లు దాటుతుండగా ఎప్పటిలాగే బస్సు ఆగింది. ఈ బండి రేడియేటరు అక్కడికి వచ్చేసరికి మరిగి పొగలు కక్కుతుంది. డ్రైవరు మస్తాన్ గారు పక్క బావిలోంచి నీళ్ళు తోడి, అది చల్లారేదాకా బీడీ కాల్చి, తర్వాత నీళ్ళు పోసి, మళ్ళీ కదిలిస్తారు. ఎండాకాలమైనా వానాకాలమైనా ఈ కార్యక్రమం మారదు. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఇక్కడ నిమ్మసోడా తాగవచ్చు. సోడా బాగుంటుంది, గ్లాసు సంగతి అడక్కండి.

పేటలో దిగి చూసుకుంటే నా వాచీ పది పదికి ఆగి ఉంది. రాత్రి కీ ఇవ్వడం మర్చిపోయాను. మావగారు బస్టాండులోనే ఉన్నారు, చేతిలో గొలుసు వాచీతో. ఆయన వచ్చింది నాకోసం కాదు, ఆ బస్సుకోసం. అది పేటకి పదకొండింటికి రావాలని టైముల పట్టికలో ఉంది. అందుకని రోజూ వచ్చి, బస్సు ఆగగానే వాచీ ముల్లు పదకొండుమీదకి జరుపుకుంటారు. ఆ వాచీ చూసి చర్చి గంట కొడతారు. ఆ గంట విని కొట్లు తెరుస్తారు, బడి వదుల్తారు, పొయ్యిమీద ఎసరు పెడతారు.

"పదకొండు" అని ప్రకటించారు. నేనూ నా వాచీకి పదకొండు పెట్టుకున్నాను.

మధ్యాహ్నం భోజనంలోకి మామిడికాయ పప్పు, గోంగూర, చివర్లో తాటిముంజలు. సుగుణ వడ్డిస్తూ నా మొహంలోకి చూసింది. నేను ధైర్యంగా తలూపాను. అప్లికేషను కాగితం దేవుడి పటం వెనక మడిచి పెట్టి ఉంది, సంతకం జాగా ఖాళీగా.

సాయంత్రం పంచాయతీ రేడియోలో వార్తలొచ్చే వేళకి నేనూ మావగారూ వీధిలో నడుస్తున్నాము. రేడియో చెప్పిన టైముకీ మావగారి వాచీకీ పొంతన లేదు. అడిగాను. "అది ఢిల్లీ టైమండీ. మనది పేట టైము" అన్నారు మావగారు. పక్కనున్న కిరాణా కొట్టు సుబ్బారావు గారు కూడా అంతేగా మరి అన్నట్టు చూశారు. పిల్లలకి సైన్సుతోబాటు భూగోళం కూడా చెప్పేవాణ్ణి, నేను కూడా తలూపాను. ఎండదెబ్బ అనుకోండి.

మావగారు వీధి వీధంతా పిలిచారు. నా ఓటమికి సాక్షులు కావాలి కదా. ముందు కుటుంబ ప్రార్థన. అది ఆయన ప్రార్థన కనక లోకంలో ఉన్న దేశాలన్నీ ఒక్కొక్కటిగా అందులోకి వచ్చాయి, అమెరికా, రష్యాలు కూడా. చుక్క వేళకి ఇంకా పదమూడు నిమిషాలుండగానే, ఏడూ ముప్పై అయిదుకి అందరం డాబా ఎక్కాము.

నలభై ఎనిమిదయింది. నైరుతిలో ఏమీ లేదు. ఎనిమిదయింది. గబ్బిలాలు వచ్చాయి, వాటినే చూపించి "అదిగో" అన్నవాళ్ళున్నారు. ఎనిమిదింబావుకి సుబ్బారావు గారు, "మాస్టారూ, బెలూనుకి ఎక్కడో తూటు పడ్డట్టుందండీ" అన్నారు. డాబా అంతా నవ్వింది. ఒకావిడ నన్ను చూసి జాలిపడి, పోన్లెండి, గాలైనా పీల్చుకున్నాం అంది.

మావగారు మాత్రం నవ్వలేదు. "సుగుణా, రేపు పెట్టె సర్దుకో. సాయంత్రం బస్సుకి నేనే దింపొస్తా" అన్నారు. ఆ పిల్ల ఏడవలేదు, మెట్లు దిగి వెళ్ళిపోయింది. నా పరువు పోతే పోయింది, అది రేపటికి మళ్ళీ మొలుస్తుంది. ఆ పిల్లని కుట్టుమిషను ముందు కూర్చోబెట్టింది నా నోరే కదా అనిపించి తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

శుక్రవారం పొద్దున్నే సుగుణ కాఫీ గ్లాసు నా ముందు పెట్టి నిలబడింది.

"బావగారూ, మీ వాచీకి టైము ఎక్కడ పెట్టుకున్నారు?"

"మీ నాన్నగారి వాచీ చూసి."

"ఆయనెక్కడ పెట్టుకుంటారు?"

"బస్సు చూసి."

"మరి బస్సు ఏం చూసుకుని వస్తదండీ?"

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఇద్దరం గబగబా పంచాయతీ రేడియో దగ్గరికి నడిచాము. వార్తల ముందు టైము చెప్పారు. నా వాచీ ఇరవై రెండు నిమిషాలు వెనకుంది. "దేశమంతటికీ ఒకటే టైమని మీరేగా క్లాసులో చెప్తారు?" అంది సుగుణ. చెప్తాను. చెప్పేది వినే అలవాటు నాకు లేదు.

"నిన్న మనం డాబా ఎక్కేప్పటికే చుక్క వచ్చి తొమ్మిది నిమిషాలైంది, వెళ్ళిపోయింది కూడా. అది వచ్చినప్పుడు నాన్న ఇంకా రష్యా కోసం ప్రార్థన చేస్తున్నారు."

"పద, ఇప్పుడే చెబుదాం."

"వద్దండీ! ఆయన వాచీ తప్పంటే అప్లికేషను చింపి పారేస్తారు. ఆ మాటేదో చుక్కే చెప్పుకుంటది. ఇవాళ ఏడూ ఇరవై నాలుగు. అప్పటికి మనం చిల్లకల్లు దగ్గరుంటాం."

రేడియో టైము నా వాచీకి పెట్టుకుని నోరు మూసుకున్నాను. నా జీవితంలో నోరు మూసుకున్న రోజులు తక్కువ, అందుకే గుర్తుంది.

సాయంత్రం ఆరున్నర బస్సు ఆరూ యాభై రెండుకి, అంటే పేట టైముకి సరిగ్గా ఆరున్నరకి, కదిలింది. మావగారు ముందుసీట్లో, ఆయన వెనక సుగుణ రేకుపెట్టె మీద చేతులు పెట్టుకుని, పక్కన నేను. పెట్టెలో బట్టలు, లెక్కల పుస్తకం, ఆ కాగితం. మావగారు వెనక్కి తిరిగి, "కుట్టు మంచి విద్యమ్మా. సూది కంటికి కనపడుద్ది" అన్నారు. సుగుణ మబ్బులున్నాయేమోనని కిటికీలోంచి చూస్తోంది. ఒకే ఒక్కటి ఉంది, అదీ తూర్పున.

ఏడూ అయిదుకి చిల్లకల్లు దాటగానే రేడియేటరు మరిగింది. అంత ఆనందం నాకు ఏ బండి చెడిపోయినప్పుడూ కలగలేదు. అందరం దిగాము. చీకటి పడుతోంది, ఒక్కో చుక్కా వస్తోంది. మస్తాన్ గారు బీడీ అయ్యాక నీళ్ళు పోసి మూత బిగించారు. అప్పటికి ఏడూ ఇరవై. "ఎక్కండెక్కండి" అన్నారు.

సుగుణ ఆయన ముందుకెళ్ళింది. "మస్తాన్ గారూ, అయిదంటే అయిదు నిమిషాలు ఆపండి. మీకో చుక్క చూపిస్తా."

"చుక్కల కోసం బస్సాపితే నా ఉద్యోగం ఉంటదామ్మా?" అన్నారాయన. కానీ ఆ పిల్ల మొహం చూసి బానెట్టుకి ఆనుకున్నారు. "సరే, ఎటేపు?"

"అటు. నైరుతి."

మావగారు గొలుసు వాచీ తీసి హెడ్‌లైటు వెలుగులో చూసుకున్నారు. "ఏడైంది. మీ పేపరు ప్రకారమే ఇంకా ఇరవై పై నిమిషాలుంది గదమ్మా. నిన్నటి నవ్వులు చాల్లేదా? ఎక్కు, ఎక్కు."

సుగుణ కదల్లేదు. నా వాచీలో ఇరవై మూడు. ఇరవై నాలుగు. ఇరవై నాలుగున్నర.

"అదేంటండీ, అది నడస్తంది!" అన్నారు మస్తాన్ గారు. ఏటా రంజాను నెలవంకని ఊరందరికన్నా ముందు చూసే కళ్ళు ఆయనవి. తాటిచెట్ల పైనించి ఒక తెల్లటి చుక్క లేచింది. చప్పుడు లేదు, తొందర లేదు. మిగతా చుక్కలన్నీ ఉన్నచోటే ఉన్నాయి, ఇది ఒక్కటే వాటి మధ్యనించి నడుచుకుంటూ మా నెత్తిమీదకి వచ్చింది. ఎవరో చెప్పులు విడిచారు. ఎవరో పసిపిల్లని పైకెత్తి చూపించారు. మావగారు తల బాగా వెనక్కి వంచి, నోరు తెరిచి, చేతిలో వాచీ అలాగే పట్టుకుని చూశారు.

"ఇంకా టైము కాలేదే" అన్నారు చివరికి.

అది ఈశాన్యంవైపు వెళ్ళి మసకబారి ఆరిపోయింది. అప్పుడు సుగుణ నెమ్మదిగా అడిగింది: "మస్తాన్ గారూ, పొద్దుటి బండి పేటకి ఎన్నింటికి తెస్తారండీ?"

"పదకొండూ ఇరవై రెండు" అన్నారాయన గర్వంగా. "పదేళ్ళయింది, ఒక్కరోజు తప్పలేదు. ఇక్కడ నీళ్ళు పోసుకోవాలి గదా."

మావగారు వెళ్ళి సోడా కొట్టు బల్లమీద కూర్చున్నారు. నాకు నవ్వాలనే ఉంది, ఆయన మొహం చూసి నవ్వలేకపోయాను. "పదేళ్ళు" అన్నారు. "పదేళ్ళపాటు ఊరందర్నీ దేవుడి దగ్గరికి లేటుగా తీసకెళ్ళా. బడి పిల్లల్ని ఒక్క నిమిషం లేటైతే బెత్తంతో కొట్టా."

సుగుణ ఆయన పక్కన కూర్చుంది. "దేవుడికి మన బస్సు సంగతి తెలుసులే నాన్నా."

ఆయన చెయ్యి చాపారు. సుగుణ రేకుపెట్టె తెరిచింది. కాగితం పెట్టెమీద పరిచి, నా కలం అడిగి, హెడ్‌లైటు వెలుగులో సంతకం పెట్టారు. హెడ్మాస్టరు దస్తూరీ కాబట్టి రేకుపెట్టె మీద రాసినా ఒక్క అక్షరం వంకర పోలేదు.

బస్సెక్కాక కండక్టర్ని పిలిచి, నందిగామ టిక్కెట్లు రెండింటిని బెజవాడకి పొడిగించమన్నారు. బెజవాడలో ఆయన చెల్లెలి ఇల్లుంది, పొద్దున్నే కాలేజీకి వెళ్ళొచ్చు. "బెజవాడ ఎన్నింటికెళ్తాం?" అని అడిగారు.

"తొమ్మిదిన్నరకండీ."

"ఎవరి టైము?"

బస్సంతా గొల్లుమంది. ఆయన మాత్రం నా వాచీ చూసి తన వాచీ ముల్లు ముందుకి తిప్పుకుంటున్నారు.

నందిగామలో నేనొక్కణ్ణే దిగాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, కిటికీ సీటు ఎండవైపు దొరికినా తీసుకోండి, చిల్లకల్లులో దిగండి, తల పైకెత్తండి. ఇంట్లో కరుణ కుట్టుమిషను తుడిచి, నూనె వేసి, పక్కన ముక్కాలిపీట వేసి ఉంచింది. నా వెనక చీకట్లోకి చూసి, "సుగుణేదండీ?" అంది.

చెప్పాను. ఆవిడ మిషను మీద గుడ్డ కప్పింది. తర్వాత వాకిట్లోకి వచ్చి, కొంగు నడుముకి దోపుకుని, ఆకాశంలోకి చూస్తూ నిలబడింది.

"మళ్ళీ ఎప్పుడొస్తదండీ? నన్నూ చూడనీండి."