కాలువలో పొయ్యి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎండాకాలం మధ్యాహ్నాలు పొయ్యి వెలిగించడం నేరం. కూచిపూడికి అవతల, కాలువ గట్టు వెంబడి బారుగా సాగిన ఊరు మాది. పెంకుటిళ్ళు ఏవో నాలుగైదు, మిగిలినవన్నీ తాటాకు ఇళ్ళే. ఒక ఇంటి చూరు కింద నిలబడి చెయ్యి చాస్తే పక్కింటి చూరు తగిలేది. ఒక వేసవిలో ఎవరి పొయ్యిలోంచో రవ్వ లేచి, ఒక వరసకు వరస చూస్తుండగానే బూడిదైపోయింది. ఆర్పుదామంటే నీళ్ళేవి? మా డెల్టాలో వేసవి వచ్చిందంటే కాలువ కట్టేస్తారు. ఇళ్ళు అంటుకునే కాలమూ అదే, కాలువ ఎండే కాలమూ అదే. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గానీ, తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే.

అందుకని మరుసటి ఏడు మా ఊరి కుర్రాళ్ళు ఒక దండుగా చేరారు. జీతమూ బత్తెమూ లేని పని. ఆ రోడ్ల మీద పట్నం నుంచి ఫైరింజను వచ్చేసరికి ఆర్పడానికేమీ మిగలదు కనుక, ఊరిని ఊరే కాచుకోవాలని వాళ్ళ పట్టుదల. మిలిటరీలో చేసి వచ్చిన ఒక మామయ్య వాళ్ళకు పెద్ద. ఆయన ఇంటింటి ముందూ నీళ్ళ కుండలు పెట్టించాడు. మండే తాటాకును లాగి పారేయడానికి వెదురు గడలకు కొక్కేలు కట్టించాడు. నిప్పంటుకుంటే మా చర్చి గంట ఆపకుండా కొట్టాలని కట్టుబాటు చేశాడు. పొద్దెక్కి గాలి లేచింది మొదలు సాయంత్రం గాలి పడేదాకా ఎవరూ పొయ్యి ముట్టించకూడదని దండోరా కూడా వేయించాడు. ఐతే పొయ్యి ఆరిందో లేదో చూడాలంటే వంటింట్లోకి వెళ్ళాలి. కుర్రాళ్ళు వంటిళ్ళలో దూరితే ఆడవాళ్ళు ఊరుకుంటారా? అందుకని మా మేనత్తను దండులో చేర్చుకున్నారు.

మా అత్త మాతోనే ఉండేది. ఇంకా పెళ్ళి కాలేదు, మిషను కుట్టేది. ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాదు. మిషను ముందు లేనప్పుడు కూడా ఆమె కాళ్ళు తొక్కుతున్నట్టే ఆడుతుండేవి. దండులో చేరమనగానే తాను నిచ్చెనలెక్కి, కొంపలు కాపాడి, ఊరందరి చేతా శభాష్ అనిపించుకుంటానని అనుకుంది. ఒక కొక్కెం గడ ఇంటికి తెచ్చుకుని మా గేదెల పాక మీద సాధన మొదలుపెట్టింది. రెండు రోజుల్లో పాక చూరు సగం ఊడిపోయింది. నిప్పు కంటే ముందు నువ్వే మా కొంప తీసేట్టున్నావని మా నాన్న తిట్టాడు. ఒక ఆదివారం గంట కొట్టే అబ్బాయి హుషారుమీద కాస్త ఎక్కువసేపు కొట్టాడు. అంతే, మా అత్త ఒక చేత్తో గడ, ఒక చేత్తో బిందె పట్టుకుని చర్చి గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చింది. ప్రార్థనకు వచ్చిన వాళ్ళంతా తిరిగి చూశారు. ఆ వారమంతా మేము వీధిలో తలెత్తుకుని నడవలేకపోయాం.

ఇంతా చేస్తే నిప్పు అంటుకోదే! అంటుకోకూడదనే కదా అందరూ కోరుకునేది. కానీ ఎదురుచూసే వాళ్ళకు అదొక నరకం. తెల్లారిందంటే గాలి ఎటు వీస్తోందో చూడటం, కుండల్లో నీళ్ళున్నాయో లేదో చూడటం, ఇల్లిల్లూ తిరిగి పొయ్యిలో చెయ్యి పెట్టి బూడిద వేడి చూడటం. ఇంట్లో నా అల్లరి భరించలేక మా అమ్మ నన్ను కూడా అత్త వెంట తగిలేసేది. ఏ గుమ్మం ఎక్కినా ఆడవాళ్ళ మొహాలు ముడుచుకునేవి. మా పొయ్యి మేము ఆర్పుకోలేమా, నువ్వొచ్చి చెప్పాలా అని సణిగేవాళ్ళు. మా అత్త విసిగిపోయి మిలిటరీ మామయ్య దగ్గర మొర పెట్టుకుంటే ఆయన నవ్వి, మొదటి ఏడాది మంటలతో కంటే మాటలతోనే ఎక్కువ పని అన్నాడట. ఆ మాట మా అత్తకు బొత్తిగా నచ్చలేదు.

మా పక్కింటి అక్క అప్పుడు పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. మగపిల్లాడు పుట్టి ఇంకా నెల కాలేదు. నాకు జడలు వేసేదీ, రిబ్బన్లు కట్టేదీ ఆ అక్కే. మా ఇంట్లో వాళ్ళ కంటే ఆమె దగ్గరే నాకు చనువెక్కువ. ఆ అక్క తల్లిని నేను పెద్దమ్మా అనేదాన్ని, మా అత్త వదినా అనేది. బాలింతకు చల్లన్నం పెట్టకూడదని పెద్దమ్మకు ఒకటే ఆరాటం. పెందలాడే వండిన అన్నం మధ్యాహ్నానికి చల్లారిపోతుంది, ఇక సాయంత్రం దాకా వేడి మెతుకు లేదు. రేపు పిల్లకు ఏమన్నా అయితే వియ్యపురాలు ఎవరిని అంటుంది?

ఆ రోజు గాలి పొద్దుటి నుంచే బాగా లేదు. పడమటి నుంచి సెగ కొట్టినట్టు వీస్తోంది. గడ్డివాముల మీద పరకలు లేచి వీధిలో దొర్లుతున్నాయి. మా అత్త మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిందో లేదో, లేచి వాకిట్లోకి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. పక్కింటి తాటాకు సందుల్లోంచి సన్నగా పొగ వస్తోంది. తలుపు వేసి ఉంది.

మా అత్త తలుపు తోసుకుని లోపలికి పోయింది. పెద్దమ్మ పొయ్యి ముందు కూర్చుని తాటిమట్టలు ఎగదోస్తోంది. మంట కుండ పైకి ఎగబాకుతోంది. మేము తలుపు తీయగానే వెనకాలే గాలి కూడా దూరి, రవ్వలు చటుక్కున కప్పు దాకా లేచాయి. నేను చూశాను, ఒక రవ్వ వాసానికి అంటుకుని ఎర్రగా ఒక క్షణం వెలిగి ఆరిపోయింది. మా అత్త మూలనున్న మంచినీళ్ళ బిందె ఎత్తి పొయ్యి మీద కుమ్మరించింది. కాలిన కుండ మీద చన్నీళ్ళు పడేసరికి అది టప్పున పగిలి, అన్నమంతా బూడిదలో కలిసిపోయింది. ఇల్లంతా ఆవిరి, పొగ. మంచం మీద అక్క బిడ్డను గుండెకు హత్తుకుని లేచి కూర్చుంది.

ఆ తరువాత జరిగిన రభస ఇంతా అంతా కాదు. పెద్దమ్మ నడివీధిలో చతికిలబడి నెత్తీ నోరూ కొట్టుకుంది. బాలింత నోటికాడ కూడు నేలపాలు చేశారని ఊరంతా వినేట్టు ఏడ్చింది. జనం మూగారు. చివరికి మా అత్త వైపు వేలు చూపించి, "నీకంటూ ఒక పొయ్యి ఉంటేగా, దాని విలువేంటో నీకు తెలవడానికి" అంది.

పెళ్ళి కాని మనిషిని అనే మాట కాదది. నాకు పెద్దమ్మను కొరకాలనిపించింది. మిలిటరీ మామయ్య వచ్చాడు, దండులో కుర్రాళ్ళు వచ్చారు. వాళ్ళలో సగం మంది, పోనీ ఆ ఒక్క ఇంటిని వదిలేద్దాం, బాలింత ఉసురు మనకెందుకు అన్నారు. మామయ్య ఏమీ తేల్చకుండా మా అత్త వైపు చూశాడు. ఆమె, "ఆ ఇల్లు ఒకటీ వదిలేస్తే, రేపట్నించీ ఊరంతా బాలింతలే అవుతారండీ" అంది. ఎవరో నవ్వారు. నవ్వితే మాత్రం, ఎవరూ ఆమె పక్కన నిలబడలేదు. ఆ కట్టుబాటు ఉంటుందో పోతుందో ఆ రోజుతో తేలిపోయేట్టుంది. పోతే ఊరు మిగలదని ఆ గాలిని చూసిన ఎవరికైనా తెలుసు.

మా అత్త ఇంటికి రాలేదు. జనం పల్చబడ్డాక మళ్ళీ ఆ ఇంట్లోకే వెళ్ళింది. నాకు భయమేసినా కొంగు పట్టుకుని వెళ్ళాను. అక్క మంచం కోడు పక్కన నేల మీద కూర్చుని, కుండలో ఏముందని అడిగింది. అడగవలసిన మాట ముందు అడగలేదని ఆమె మొహమే చెబుతోంది. అక్క కోపగించుకోలేదు. బిడ్డ నోట్లోంచి రొమ్ము తీసి పైట సర్దుకుంటూ, "వీడు తెగ లాగేస్తన్నాడు అత్తా. నాకేమో ఒకటే ఆకలి" అంది.

అంతే అంది. పత్యం సంగతీ, వియ్యపురాలి సంగతీ ఏమీ కాదు, ఆకలేసింది, అంతే. మా అత్త లేచి బయటికి వచ్చి, ఎటు పోతున్నదీ చూసుకోకుండా చరచరా నడిచింది. కాలువ రేవు దాకా వచ్చి మెట్లు దిగి, ఎండిన కాలువ అడుగున కూలబడింది. నేను పక్కన కూర్చున్నాను. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను గానీ ఏడవలేదు. నేల గోళ్ళతో గీస్తూ కూర్చుంది. కాసేపటికి తలెత్తి గట్టు వైపు చూసింది. పైన తాటిమట్టలు గలగలమని కొట్టుకుంటున్నాయి. కింద మా అత్త పమిట చెంగు కదలడం లేదు. గాలంతా గట్టు మీదుగా మా నెత్తి పై నుంచి పోతోంది.

నన్ను ఇంటికి పంపి గునపం, పార తెప్పించింది. నాతో పాటు మిలిటరీ మామయ్య కూడా వచ్చి గట్టు మీద నిలబడి, కింద గాలి ఆడటం లేదని చూసి తలూపాడు. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు తవ్వే గాడిపొయ్యి లాంటిది, ఇంకాస్త లోతుగా, కాలువ నడిమధ్య తవ్వింది. మా డెల్టాలో వెతికినా రాయి దొరకదు కనుక మా పెరట్లో పగిలిపోయిన రుబ్బురోలు ముక్కలు మోసుకెళ్ళి అంచులకు ఆనించింది. కాలువ గుంటలో మిగిలిన బురదనీళ్ళు బిందెడు తెచ్చి పక్కన పెట్టుకుంది. మా ఇంట్లో బియ్యం, మా ఇంట్లో కుండ. అన్నం ఉడికాక మంట ఆర్పి, బూడిద కెలికి చూసి, గోనెపట్టాలో చుట్టిన కుండ నెత్తిన పెట్టుకుని వీధిలోంచి నడిచింది. జనం చూస్తూనే ఉన్నారు. పెద్దమ్మ గుమ్మంలోంచి లేవకుండా మొహం తిప్పుకుంది. అక్క లోపలి నుంచి వచ్చి చెయ్యి చాపి కుండ అందుకుంది. ఆవిరి వస్తున్న ఆ అన్నం అక్క ఊదుకుంటూ ఆత్రంగా తినడం నేను కిటికీలోంచి చూశాను. అంత ఆకలితో అన్నం తినే మనిషిని అంతకు ముందు చూడలేదు.

అలా మంటలార్పే దండులో చేరిన మా అత్త, మొదటి వేసవి అంతా మంట వెలిగిస్తూనే గడిపింది. ముందు అక్క కుండ ఒకటే. తరువాత ఎవరి పసిబిడ్డకో పాలు, జ్వరం తగిలిన తాతకు గంజి, కాన్పు రోజుల్లో ఉన్న ఇంకో అమ్మాయికి వేణ్ణీళ్ళు. మధ్యాహ్నం పూట నిప్పు కావాల్సిన వాళ్ళంతా రేవు మెట్లు దిగి వచ్చేవాళ్ళు. వంటలక్క అని కుర్రాళ్ళు ఏడిపిస్తే, ఊరికే నవ్వితే ఏం లాభం, పుల్లలు మోయండి అని వాళ్ళకే పని పురమాయించింది. ఒక్క నిమిషం కుదురుగా ఉండలేని మనిషి, ఆ ఎండలో నెత్తిన తడిగుడ్డ వేసుకుని, వెలిగించిన మంటను వదిలి కదలకూడదని గంటలు గంటలు గొంతుకూర్చునేది. కాళ్ళు మాత్రం ఆడుతూనే ఉండేవి. పైన వీధిలో ఒక్క పొయ్యీ వెలగలేదు. దొంగచాటుగా వెలిగించవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది. ఆ వేసవిలో మా చర్చి గంట ఒక్కసారి కూడా నిప్పు కోసం మోగలేదు. ఏమీ జరగలేదు కాబట్టి మా అత్తను ఎవరూ మెచ్చుకోనూ లేదు. నాకదే ఒళ్ళు మంట. ఇంటికొచ్చి దెబ్బలాడేదాన్ని, ఎవరూ ఏమీ అనరేం అని.

తొలకరి పడ్డాక లాకులు ఎత్తారని, సాయంత్రానికి నీళ్ళు వచ్చేస్తాయని కబురు వచ్చింది. పిల్లలమంతా నీళ్ళ రాక చూడటానికి గట్టు మీద చేరాం. మా అత్త కింద నిలబడి తన పొయ్యిని చూసుకుంటోంది. ఇంతలో పెద్దమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని రేవు మెట్లు దిగింది. అన్ని రోజులూ మా అత్తతో ఒక్క మాట మాట్లాడని మనిషి. నేరుగా వెళ్ళి ఒక రోలు ముక్క పెళ్ళగించి, "చూస్తావేంటే, రెండోది పట్టు. కొట్టుకుపోతే వచ్చే ఏడు మళ్ళీ ఎక్కడ తెస్తాం" అంది.

ఇద్దరూ రొప్పుతూ ఆ ముక్కలు మోసుకుని గట్టెక్కారు. వాటిని మా పెరట్లో పెట్టబోతే వద్దని, పెద్దమ్మ తన చూరు కింద పెట్టించుకుంది. మా అత్త ఆ రోజు ఏడ్చింది, అందరి ముందూ, పైట అడ్డం పెట్టుకోకుండా.

ఇప్పుడు నేను బెజవాడలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా మనవరాలు ఈ మధ్యే అగ్నిప్రమాదాల్లో సాయం చేసే వాలంటీర్లలో చేరింది. చేరి నాలుగు నెలలైనా మంట మొహం చూడలేదని దానికి దిగులు. మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర సందులో ఒకావిడ పునుగుల బండి మీద కారుతున్న సిలిండరు పెట్టుకుందని, ఆపించబోతే నోటికొచ్చినట్టు తిట్టిందని ఇంటికొచ్చి చిందులు తొక్కింది. ఆపించావా అని అడిగాను. ఆపించానంది. మరి ఆ పూట ఆవిడ బేరం ఏమైందని అడిగాను. నా వైపు అదోలా చూసి, తెలీదు అమ్మమ్మా అంది. సరే, రేపు మళ్ళీ వెళ్ళి కనుక్కో అన్నాను.

నాకు ఏ వయసూ కుదురు నేర్పలేదు. పడమటి గాలి లేచిందంటే ఇప్పటికీ ఒక గదిలో కూర్చోలేను. గ్యాసు ఆపారా లేదా అని వంటింటికీ హాలుకూ తిరుగుతూనే ఉంటాను, ఇంట్లో వాళ్ళు విసుక్కుంటూనే ఉంటారు. ఆపమని గట్టిగా చెప్పడం కూడా నేను మానలేదు. చెప్పవలసిందే. కాకపోతే చెప్పి ఊరుకోలేను. ఆ పూట వాళ్ళు ఏం తిన్నారో తెలిసేదాకా నాకు ముద్ద దిగదు.